డెల్మార్ భాగహారం

వడ్డీ మీద ఒక్క సెంటు పన్ను కట్టకుండా పదకొండేళ్ళు బతికిన మగాడు డ్రెహర్స్‌విల్ మొత్తానికి తనొక్కడేనని డెల్మార్ క్రూగర్ ప్రకటించాడు. ఎవరూ అడగలేదు. వెయిట్రెస్ ట్రూడీ అడిగిందల్లా కాడ్ చేప తెమ్మంటారా, పెర్చ్ తెమ్మంటారా అని.

"పెర్చ్," అంది భార్య ఆర్లిస్, ఆయన తరఫున. ఊళ్ళు అప్పు కోసం అమ్మే, వడ్డీ మీద పన్ను లేని బాండ్ల గురించి డెల్మార్ మొదలుపెట్టాక చేపల దాకా దిగి రావడానికి టైము పడుతుందని ఆ సప్పర్ క్లబ్బులో అందరికీ తెలుసు. ఒకసారి ఆయన మాట పూర్తయ్యేసరికి పళ్ళెంలో ఉన్న చేప మళ్ళీ గడ్డకట్టిందని ట్రూడీ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఆయన చెప్పింది అబద్ధమని ఆ బల్ల దగ్గర ఆర్లిస్‌కి ఒక్కదానికే తెలుసు. మొన్న మంగళవారం పన్ను లెక్కలు చూసే వాండా దగ్గర ఆయన పక్క కుర్చీలో కూర్చున్నది తనే. డెబ్భై మూడేళ్ళు నిండాయి కాబట్టి రిటైర్మెంట్ ఖాతాలోంచి ఏటా కొంత బయటికి తియ్యాల్సిందేననీ, తీసిన దాని మీద పన్ను కట్టాల్సిందేననీ వాండా చెప్పింది. ఆ ఖాతాలో ఉన్నవన్నీ పన్ను లేని బాండ్లే కదా అని డెల్మార్ అడిగాడు. "లోపల ఏమున్నా సరే, బయటికొచ్చేది మామూలు ఆదాయమే," అంది వాండా, ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుంటూ. డెల్మార్ చెక్కు రాశాడు. కారెక్కాక, ఎవరైనా అడిగితే అది ప్రొపేన్ గ్యాసు బిల్లని చెప్పమన్నాడు. ఆ చెక్కుకి వచ్చే గ్యాసుతో అలాస్కాలో ఆగస్టు నెల తెప్పించొచ్చు. ఆర్లిస్ సరేనంది. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆమె ఎక్కువసార్లు వాడిన మాట అదే.

"ఒక్క సెంటు!" అన్నాడు డెల్మార్ మళ్ళీ, ఇందాక వినపడని వాళ్ళ కోసం. "ఊళ్ళో వాళ్ళంతా ఆ క్రెడిట్ యూనియన్‌లో డిపాజిట్లు వేసుకుని, వచ్చిన వడ్డీలోంచి వాషింగ్టన్‌కి కానుకలు పంపుకుంటున్నారు. నేను పంపను."

"మరి మన రాష్ట్రానికి?" అన్నాడు మైలో రాడ్కే. మైలో పాల ట్యాంకర్ నడిపి రిటైరైన మనిషి. వాళ్ళ బల్ల దగ్గరికి ప్రతి శుక్రవారం పిలవకుండానే వస్తాడు, డెల్మార్ మాటలు వినడానికి టిక్కెట్టు లేదు కాబట్టి. "విస్కాన్సిన్ సొంత ఊళ్ళ బాండ్ల మీద కూడా వడ్డీకి పన్ను వేస్తుందిగా?"

"రాష్ట్రం పన్ను లెక్కలోకి రాదు."

"ఎందుకని?"

"నేను దాన్ని లెక్కలో వెయ్యను కాబట్టి."

మైలో తన బ్రాందీ గ్లాసు పైకెత్తి ఆ జవాబుకి గౌరవం చేశాడు.

మామూలు శుక్రవారమైతే ఆర్లిస్ రై బ్రెడ్డుకి వెన్న రాసుకుంటూ వినేది. వినడం ఆమెకి ఇష్టం కూడా. అసలు సంగతి ఏమిటంటే, ఈ శుక్రవారం బల్లకి అటువైపు ఆమె చెల్లెలు లవోన్ కూర్చుని ఉంది. లవోన్ మొగుడు గోర్డీ కాగితం మిల్లులో పనిచేసి, పోయిన వసంతంలో పోయాడు. ఆయన మిల్లులో దాచుకున్న లక్షా డెబ్భై వేల డాలర్లు ఇప్పుడు లవోన్ పేరు మీద రిటైర్మెంట్ ఖాతాలోకి వచ్చాయి. ఆ డబ్బు మొత్తాన్నీ కొత్త వాటర్ ట్యాంకు బాండ్లలో పెట్టమని డెల్మార్ చెప్పాడు. సోమవారం పొద్దున్నే మెయిన్ స్ట్రీట్‌లో బాండ్లమ్మే కుర్రాడి ఆఫీసులో సంతకం. తనే కారులో తీసుకెళ్తానన్నాడు. కాఫీ కూడా తనే ఇప్పిస్తానన్నాడు, అదొక ప్రమాద సూచన.

లవోన్‌కి కావలసింది పెద్దదేమీ కాదు. స్కూలు వంటింట్లో నిలబడి నిలబడి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. పన్ను పోకముందు ఏడాదికి ఏడున్నర వేలు వడ్డీ వస్తే, గోర్డీ పెన్షన్ కలుపుకుని, జూన్‌లో ఆప్రన్ విప్పి కొక్కేనికి తగిలించొచ్చు. రాకపోతే సెప్టెంబర్‌లో మళ్ళీ మూడు వందల మంది పిల్లలకి మాకరోనీ వండాలి.

డెల్మార్‌కి కావలసింది ఇంకా చిన్నది. ఆయన ఊరి నీళ్ళ కమిటీలో సభ్యుడు. బాండ్లన్నీ అమ్ముడుపోతే ట్యాంకు లేస్తుంది. ట్యాంకు లేస్తే దాని కాళ్ళ దగ్గర కమిటీ సభ్యుల పేర్లతో ఒక రాగి పలక పెడతారు. ఆ పలక మీద తన పేరు ఎంత ఎత్తున ఉండాలో డెల్మార్ ఇప్పటికే కొలిచి పెట్టుకున్నాడు. రోడ్డు మీద పోయే కారులోంచి చదవగలిగేంత ఎత్తు. కారు హైవే మీద ఉన్నా సరే.

"డెల్మార్, నాకు మళ్ళీ ఒకసారి చెప్పు," అంది లవోన్, నిమ్మకాయ ముక్క చేప మీద పిండుతూ. "నిన్న చెప్పినప్పుడు అర్థమైంది. ఇంటికెళ్ళాక పోయింది."

ఆ మాట కోసం డెల్మార్ పుట్టాడు. పళ్ళెం పక్కకి జరిపి, కింద పరిచిన కాగితాన్ని తిరగేసి, చొక్కా జేబులోంచి పెన్సిలు తీశాడు. ఈ లెక్కకి ఊళ్ళో డెల్మార్ భాగహారం అని పేరు. ఆ క్లబ్బులో ఆ లెక్క లేని కాగితం బల్ల మీద కనపడితే, బల్ల సర్దడం మర్చిపోయారనుకుంటారు.

"ఇదిగో. ట్యాంకు బాండు ఇచ్చేది మూడుంపావు శాతం. క్రెడిట్ యూనియన్ ఇచ్చేది నాలుగున్నర. తెలివితక్కువ వాడు ఏమంటాడు? నాలుగున్నర ఎక్కువంటాడు."

"అవును, ఎక్కువే," అన్నాడు మైలో.

"చూశావా? ఇప్పుడు చదువుకున్నవాడు ఏం చేస్తాడంటే, నూటికి ముప్పై రెండు పన్నుకి పోతుంది కాబట్టి, ఒకటిలోంచి పాయింట్ మూడు రెండు తీసేసి, మిగిలిన దాంతో మూడుంపావుని భాగిస్తాడు. నాలుగు పాయింట్ ఏడు ఎనిమిది!" ఆ అంకె చుట్టూ రెండు సున్నాలు చుట్టాడు. "నీ డబ్బు మీద ఏడాదికి ఎనిమిది వేల పైమాటే."

"ఎనిమిది వేలు నాకొస్తాయా?"

"వచ్చినట్టే."

లవోన్ మొహంలో జూన్ నెల కనిపించింది. ఆర్లిస్ కత్తి పక్కన పెట్టింది. ఇంతకాలం డెల్మార్ ఆ భాగహారం చేసింది ఇరుగుపొరుగు వాళ్ళకి, బార్బర్‌కి, ఒకసారి ఆపరేషన్ బల్ల మీద మత్తు ఎక్కే లోపల అనస్థీషియా డాక్టరుకి. వాళ్ళంతా తలూపి ఎవరి దారిన వాళ్ళు పోయారు. సోమవారం సంతకం పెట్టేది తన చెల్లెలు.

"వచ్చినట్టే అంటే," అంది ఆర్లిస్, "చేతికొస్తాయా? వస్తాయని అనుకోవాలా?"

డెల్మార్ ఆమె వైపు చూశాడు, కుర్చీ మాట్లాడినట్టు. "ఆర్లిస్, ఇది సమానమైన రేటు. పన్ను కట్టేవాడికి నాలుగు పాయింట్ ఏడు ఎనిమిది ఎంతో, మనకి మూడుంపావు అంత."

"అయితే చేతికొచ్చేది మూడుంపావే. అంటే ఐదున్నర వేలు."

"ఐదున్నరా?" అంది లవోన్. "ఎనిమిదన్నావు?"

"విలువలో ఎనిమిది!"

"కిరాణా కొట్లో విలువ తీసుకుంటారా?" అన్నాడు మైలో. "నేను డబ్బు పట్టుకెళ్తున్నాను ఇన్నాళ్ళూ."

"నువ్వు నోరు మూసుకుని క్యాబేజీ తిను, మైలో."

"సరే, ఇంకోటి చెప్పు," అంది ఆర్లిస్. గొంతు చాలా మెత్తగా ఉంది. నలభై ఆరేళ్ళలో ఆ మెత్తదనం అర్థం డెల్మార్ తెలుసుకుని ఉండాల్సింది. "ఆ ముప్పై రెండు ఎవరిది?"

"ఎవరిదేంటి?"

"నూటికి ముప్పై రెండు పన్ను కట్టేది ఎవరు? ఈ ఊళ్ళో."

డెల్మార్ ఆలోచించాడు. జున్ను ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా ఉన్నప్పుడు ఎక్కడో ఒక కరపత్రంలో ఆ అంకె చూశాడు. చూడ్డానికి హుందాగా ఉందని అట్టేపెట్టుకున్నాడు. "పళ్ళ డాక్టరు కడతాడు," అన్నాడు చివరికి.

"లవోన్, నువ్వెప్పుడైనా ఎవరి పన్నైనా పీకావా?"

"నాదే ఒకటి ఊడింది, పోయినేడు."

"ఇది పన్నెండు శాతం కట్టే మనిషి, డెల్మార్. పన్నెండుతో చెయ్యి."

చెయ్యడానికి డెల్మార్‌కి ఇష్టం లేదు. కానీ లవోన్ చూస్తోంది, మైలో నమలడం ఆపేశాడు, పెన్సిలు చేతిలోనే ఉంది. చేశాడు. మూడు పాయింట్ ఆరు తొమ్మిది వచ్చింది. ఆ అంకె చుట్టూ సున్నా చుట్టలేదు. చాలా చిన్నగా, కాగితానికి నొప్పి పుడుతుందేమో అన్నట్టు రాశాడు.

"నాలుగున్నర కంటే తక్కువే," అంది లవోన్.

"ఇంకా ఉంది," అంది ఆర్లిస్. "దీని డబ్బు ఉన్నది రిటైర్మెంట్ ఖాతాలో. ఆ ఖాతా లోపల వచ్చే వడ్డీ మీద ఏటా పన్నెంత?"

"లోపలా? లోపల పన్నుండదు. చిన్నపిల్లలకి కూడా తెలుసు ఆ సంగతి!"

"బాండైనా, మామూలు డిపాజిట్టైనా?"

"ఏదైనా. బయటికి తీసేదాకా లోపల దేని మీదా..." అని ఆగాడు డెల్మార్.

"అయితే సున్నాతో చెయ్యి."

"అక్కర్లేదు."

"చెయ్యి, డెల్మార్," అంది లవోన్.

ఒకటిలోంచి సున్నా తీసేస్తే ఒకటి. మూడుంపావుని ఒకటితో భాగించడానికి డెల్మార్‌కి పట్టినంత సేపు ఆ ఊళ్ళో ఇంతవరకు ఏ భాగహారానికీ పట్టలేదు. ట్రూడీ వచ్చి నీళ్ళు పోసి వెళ్ళింది. పక్క బల్ల వాళ్ళు కోట్లు తొడుక్కుని, బిల్లు కట్టి, ఒకళ్ళ మీద ఒకళ్ళు అలిగి, మళ్ళీ కలిసిపోయి వెళ్ళారు. అప్పుడు కాగితం మీద మూడుంపావు పడింది.

"ఎంతకి అంతే వచ్చిందే!" అన్నాడు మైలో, ఎంతో సానుభూతిగా. "పెన్సిలు పాడైందేమో చూడు."

"పన్ను లేని చోటికి పన్ను లేని బాండు తీసుకెళ్ళడమంటే," అంది ఆర్లిస్ చెల్లెలితో, "గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టే గుడిసెలో కూర్చుని గొడుగు వేసుకోవడం. పైన కప్పు ఉంది కదే! ఆ గొడుగు కోసం నీ వడ్డీలో నూటికి ఒకటింపావు వదులుకుంటున్నావు, ప్రతి ఏడాదీ. తీరా గుడిసెలోంచి బయటికొచ్చేటప్పుడు గొడుగు లోపలే వదిలెయ్యాలి. తడవక తప్పదు."

"తడవడమంటే?"

"బయటికి తీసిన ప్రతి డాలరు మీదా పన్ను. అది బాండు వడ్డీ అయినా, డిపాజిట్ వడ్డీ అయినా ఒకటే పన్ను."

లవోన్ నెమ్మదిగా డెల్మార్ వైపు తిరిగింది. "నీ బాండ్లు కూడా రిటైర్మెంట్ ఖాతాలోనే ఉన్నాయిగా. నీకు డెబ్భై మూడు నిండాయిగా. నువ్వూ తియ్యాల్సొచ్చిందా?"

డెల్మార్ ఆర్లిస్ వైపు చూశాడు. ఆ చూపులో ప్రొపేన్ ఉంది. ఆర్లిస్ బంగాళాదుంప అట్టు మీద ఆపిల్ సాస్ వేసుకుంది. ఇంత రుచిగా ఉన్న అట్టు ఆమె ఈ మధ్య తినలేదు.

"తీశాను," అన్నాడు డెల్మార్.

"పన్ను కట్టావా?"

"కొద్దిగా."

"ఒక్క సెంటు కంటే ఎక్కువా?" అన్నాడు మైలో.

డెల్మార్ పెన్సిల్ని జేబులో పెట్టుకున్నాడు. లవోన్ తన కాగితం రుమాలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. సోమవారం తనకి కారు అక్కర్లేదంది. డబ్బు క్రెడిట్ యూనియన్‌లో మామూలు డిపాజిట్టుగా, అదే రకం రిటైర్మెంట్ ఖాతాలో పెట్టుకుంటానంది. నాలుగున్నర అంటే ఏడు వేల ఆరు వందల యాభై అని ఆమే నోటితో లెక్క కట్టింది, భాగహారం లేకుండా. జూన్ నెల మళ్ళీ ఆమె మొహంలోకి వచ్చింది. ఈసారి మోకాళ్ళతో సహా.

అక్కడితో ఆర్లిస్ ఆపెయ్యాల్సింది. ఆపలేదు. గెలిచిన మనిషికి ఇంకో ముక్క మాట్లాడాలనిపిస్తుంది. ఆ ఒక్క జబ్బు డెల్మార్‌ది అంటుకుందేమో, అన్నేళ్ళు పక్కనే పడుకుంది మరి.

"ఈ నాలుగున్నర కూడా ఏమంత గొప్ప కాదులే," అంది. "వాళ్ళు ఐదు పాయింట్ ఒకటి ఇచ్చినప్పుడు పెట్టుంటే, ఐదేళ్ళు కాలు మీద కాలేసుకుని కూర్చునేదానివి."

డెల్మార్ తల లేచింది.

డెల్మార్‌కి పన్నుల గురించి తెలిసింది తక్కువ కావచ్చు. కానీ రేట్లు! ఆ చుట్టుపక్కల ఏ బ్యాంకు ఏ వారం ఎంతిచ్చిందో ఆయన్ని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. పెళ్ళిరోజు ఎప్పుడంటే మాత్రం అప్పుడున్న రేటు చెప్పి, దాన్నుంచి ఏడాది లెక్కేసుకుంటాడు.

"ఐదు పాయింట్ ఒకటా?" అన్నాడు.

"ఎక్కడో విన్నాను."

"ఎక్కడా వినలేదు నువ్వు. బోర్డు మీద పెట్టలేదు వాళ్ళు ఆ రేటు. కొత్త బ్రాంచి తెరిచినప్పుడు ఒక్క శని, ఆదివారాలు ఇచ్చారు, లోపలికెళ్ళి అడిగినవాళ్ళకి. ఆ రెండు రోజులూ నేను ఎదురుగా కార్ పార్కింగ్‌లో నిలబడి, లోపలికెళ్ళే వాళ్ళని చూసి నవ్వాను."

"వెనక తలుపు కూడా ఉంది దానికి," అన్నాడు మైలో, ఎవరికీ ప్రత్యేకించి చెప్పకుండా.

"డిపాజిట్ వేసిన ప్రతివాళ్ళకీ ఒక పంది తొడ హామ్ ఇచ్చారు," అన్నాడు డెల్మార్, ఇంకా నెమ్మదిగా. "పొగబెట్టింది. ఎముకతో సహా. ఆ క్రిస్మస్‌కి మనం హామ్ తిన్నాం, ఆర్లిస్. మాజీ సైనికుల లీజియన్ హాల్లో మాంసం లాటరీలో గెలిచానన్నావు."

"గెలిచాను."

"ఆ ఏడు లాటరీ చక్రం తిప్పింది నేనే," అన్నాడు మైలో. పాపం, ఆర్లిస్ కోసం అబద్ధం ఆడదామనే ఆయన నోరు తెరిచాడు, కానీ డెల్మార్ మొహం చూసి నిజమే బయటికొచ్చింది. "హామ్ మా వదిన గెలిచింది. నువ్వు సాసేజ్ గెలిచావు. దాన్ని కూడా వెనక్కిచ్చేశావు."

ఆర్లిస్ పక్క బల్లల వైపు చూసింది. సాయం చేసే మొహం ఒక్కటీ కనపడలేదు.

"నీ రిటైర్మెంట్ ఖాతా డబ్బు," అన్నాడు డెల్మార్. "డ్రైనేజీ బాండ్లలో పెట్టమన్నాను. సరేనన్నావు."

"సరేనన్నాను."

"పెట్టావా?"

"లేదు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా పెట్టలేదు. వెనక తలుపులోంచి వెళ్ళాను. మొత్తం అక్కడే వేశాను, ఐదు పాయింట్ ఒకటికి. హామ్ తెచ్చుకున్నాను. స్టేట్‌మెంట్లు ఈమెయిల్‌లో వస్తాయి, నువ్వు కంప్యూటర్ ముట్టుకోవు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే వివరిస్తావని."

మైలో నవ్వబోయి, గ్లాసులో మొహం పెట్టుకున్నాడు. లవోన్ మాత్రం నవ్వలేదు. ఆమె అక్క వైపే చూస్తోంది, ఇందాక డెల్మార్ని చూసినట్టే.

"అంటే ఆయన చేసేది తప్పని నీకు అప్పుడే తెలుసు," అంది లవోన్. "ఆయన డబ్బు ఆ గుడిసెలో గొడుగేసుకుని కూర్చున్నట్టు తెలుసు. ఇన్నేళ్ళూ."

"తెలుసు."

"అది మీ ఇద్దరి డబ్బే కదే!"

"అవును."

"మరి ఆయనకి ఎందుకు చెప్పలేదు? నీది దాచుకుంటే దాచుకున్నావు. ఆయన్దైనా ఆపొచ్చుగా?"

ఆర్లిస్ ఏదో ఒకటి చెప్పాలని చూసింది. చెప్పినా వినడు అనబోయింది. కానీ ఇందాకే విన్నాడు. ఒక్క కాగితం మీద, ఒక్క సున్నాతో, చేప చల్లారే లోపల విన్నాడు. ఆ ప్రశ్న ఆమె ఏ శుక్రవారమైనా అడిగుండొచ్చు.

"నేను సోమవారం సంతకం పెట్టేదాన్ని కాకపోతే," అంది లవోన్, "ఇవాళైనా నోరు విప్పేదానివా?"

"లేదు," అంది ఆర్లిస్.

డెల్మార్ ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం ఆ క్లబ్బులో ఇదే మొదటిసారి. ట్రూడీ కూడా వంటింటి తలుపు దగ్గర ఆగి చూసింది.

"ప్రతి శుక్రవారం నువ్వు ఇక్కడ కూర్చుని భాగిస్తుంటే," అంది ఆర్లిస్ ఆయనతో, కాగితం మీది అంకెల వైపు చూస్తూ, "నేను వెన్న రాసుకుంటూ వినేదాన్ని. ఈ బల్ల దగ్గర తెలివైనదాన్ని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. అలా అనుకోవడం భలే ఉండేది, డెల్మార్. అందుకే చెప్పలేదు. ఇంకే కారణమూ లేదు."